గాలి మారితే కరెంటు మారిపోతోంది! జింక్ ఆక్సైడ్ నానోవైరుతో తల పట్టుకున్నా

జింక్_పిల్లోడు | జూలై 8, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. మూడు వారాలుగా ఒకే ఒక్క తీగ ముందు కూర్చున్నాను. ఇక తట్టుకోలేక ఇక్కడ పెడుతున్నా.

పరికరం ఇది. ఒంటరి జింక్ ఆక్సైడ్ నానోవైరు (అతి సన్నని తీగ), మందం సుమారు 100 నానోమీటర్లు. రెండు టైటానియం-బంగారం ఎలక్ట్రోడ్ల మధ్య 5 మైక్రాన్ల ఎడం. 1 వోల్టు పెట్టి, పైనుంచి 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) ఎల్‌ఈడీ వేస్తాను, అంతే. "ఇంతకన్నా తేలికైన ప్రయోగం ఉండదు" అని మా గైడ్ గారు నా చేతికిచ్చారు.

మొదటి రోజు చీకట్లో 15 పికోఆంప్‌లు (వెయ్యి పికోలు ఒక నానో). లైటు వేస్తే 90 నానోఆంప్‌లు. ఆపితే ఐదు నిమిషాల్లో 1 నానోఆంప్‌కి పడి, అక్కడి నుంచి నత్తనడక. మళ్లీ 15కి రావడానికి తెల్లారింది.

రెండో రోజు వాన. చీకట్లోనే 400 పికోఆంప్‌లు! లైటు వేస్తే మాత్రం 40 నానోఆంప్‌లే.

తర్వాత చాంబర్ మూసి రోటరీ పంపు పెట్టా. ఆ వాక్యూమ్‌లో లైటు వేస్తే 300 నానోఆంప్‌లు దాటి ఇంకా ఎక్కుతూనే ఉంది. ఆపాక రాత్రంతా ఆగినా 200 కిందికి దిగలేదు.

ఆక్సిజన్ లేకపోవడమే దీనికి కారణమైతే నైట్రోజన్‌లోనూ ఇలాగే రావాలి కదా? మర్నాడు నైట్రోజన్ వదిలా. అచ్చం మామూలు గాలిలో లాగే 85 నానోఆంప్‌లు, ఆపగానే పతనం.

ఇంకోటి. చాంబర్ మూత తీసి గాలిలో కొలిచే రోజుల్లో, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో కరెంటు ఒక్కసారిగా పైకి లేచి అరగంటలో దిగుతోంది. దయ్యం పట్టిందని మా ల్యాబ్‌మేట్ తీర్పు ఇచ్చేశాడు. వచ్చే గురువారం గ్రూప్ మీటింగ్. టెన్షన్‌గా ఉంది.

---

కోఠి_సర్క్యూట్ | జూలై 8, రాత్రి 11:48

తమ్ముడూ, ముందు వైర్లు కదిలించి చూడు. నా అనుభవంలో దయ్యాల్లో సగం లూజు కనెక్షన్లే.

---

జింక్_పిల్లోడు | జూలై 8, రాత్రి 11:55

చూశానన్నా. వైరు బదులు మామూలు రెసిస్టర్ పెట్టి రెండు రోజులు నడిపా, గీత గీసినట్టు ఉంది. తేడా తీగలోనే.

---

పాతకాపు | జూలై 9, ఉదయం 6:10

బాబూ, నీ తీగలో తేడా లేదు. అది నువ్వు అడగని ప్రశ్నకు జవాబు చెబుతోంది. నువ్వు వెలుతురు కొలుస్తున్నానని అనుకుంటున్నావు, అది గాలిని కూడా కొలిచి పెడుతోంది.

మొదట చీకటి సంగతి. జింక్ ఆక్సైడ్‌లో సహజంగానే కొన్ని అదనపు ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. గాలిలోని ఆక్సిజన్ అణువు తీగ ఉపరితలం మీద వాలి, లోపలి ఎలక్ట్రాన్ ఒకదాన్ని లాక్కుని, రుణావేశంతో అక్కడే అతుక్కుంటుంది. గది ఉష్ణోగ్రతలో అది అణువుగానే ఉంటుంది. 150, 200 డిగ్రీలు దాటితేనే విడిపోయి పరమాణువుల రూపంలో కూర్చుంటుంది. అలా ఎలక్ట్రాన్లు పోగా ఉపరితలం కింద ఒక ఖాళీ పొర ఏర్పడుతుంది, డిప్లీషన్ పొర అంటాం. కరెంటు మోసేవాళ్లు అక్కడ ఉండరు.

ఇక నీ తీగకే లెక్క వేద్దాం. ఘన సెంటీమీటరుకు లక్ష లక్షల కోట్లు, అంటే 10కి 17వ ఘాతం, ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకో. జింక్ ఆక్సైడ్‌కి ఇది అసాధారణమైన సంఖ్య కాదు. 100 నానోమీటర్ల మందం, 5 మైక్రాన్ల పొడవు ఉన్న తీగ ఘనపరిమాణంతో గుణించు. ఎన్ని వచ్చాయి? సుమారు నాలుగు వేలు. తీగ మొత్తానికీ నాలుగు వేల ఎలక్ట్రాన్లు! ఉపరితలం మీద ఆక్సిజన్ వాలగల చోట్లేమో కోటిన్నర. అంటే నాలుగు వేల చోట్లలో ఒక్క చోట ఆక్సిజన్ కూర్చుంటే చాలు, తీగ ఎండిపోతుంది. నీ 15 పికోఆంప్‌లు అదే.

ఇప్పుడు లైటు. 365 నానోమీటర్ల ఫోటాన్‌కి సుమారు 3.4 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి ఉంటుంది, జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి కావాల్సిన శక్తి) కూడా దాదాపు అంతే. ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ లేచిపోయిన ఖాళీ, ధనావేశంలా కదులుతుంది) జంటగా పుడతాయి. ఉపరితలం దగ్గరి విద్యుత్ క్షేత్రం హోల్‌ని బయటికి లాగుతుంది. అది అక్కడ కూర్చున్న ఆక్సిజన్ దగ్గరికి వెళ్లి దాని ఆవేశాన్ని రద్దు చేస్తుంది. ఆక్సిజన్ ఎగిరిపోతుంది. ఎలక్ట్రాన్ లోపల ఒంటరిగా మిగిలిపోతుంది. కలవడానికి దానికి హోల్ లేదు. మళ్లీ బయటి నుంచి ఒక ఆక్సిజన్ వచ్చి తీసుకెళ్లేదాకా అది ఎలక్ట్రోడ్ల మధ్య రంకులరాట్నంలా తిరుగుతూనే ఉంటుంది. వాక్యూమ్‌లో ఆ వచ్చేవాళ్లు దాదాపు లేరు. అందుకే నీ కరెంటు రాత్రంతా దిగలేదు.

ఇదేమీ కొత్త విషయం కాదు. జింక్ ఆక్సైడ్ ఫోటోవాహకతకి (వెలుతురు పడితే కరెంటు పెరగడానికి) ఆక్సిజన్ అధిశోషణమే, అంటే ఉపరితలానికి అతుక్కోవడమే, మూలమని మెల్నిక్ అనే శాస్త్రవేత్త 1957లోనే రాశాడు. అప్పటికి నానోవైరు అన్న మాటే లేదు, పొడులూ పొరలూ మాత్రమే. అంతకు ముందు, 1954లో, అమెరికా కంపెనీ ఆర్‌సీఏ వాళ్లు ఎలక్ట్రోఫాక్స్ అనే కాపీ పద్ధతి తెచ్చారు. జింక్ ఆక్సైడ్ పూసిన కాగితాన్ని చీకట్లో రుణావేశంతో నింపి బొమ్మ వెలుగు పడనిస్తే, వెలుగు పడ్డ చోట ఆవేశం కారిపోయేది. మా రోజుల్లో ఆ కాగితం బరువుగా, తాకితే సుద్దలా ఉండేది. నీ తీగ దాని మనవరాలు.

---

ఇంటర్_సెకండియర్ | జూలై 9, ఉదయం 7:32

సర్, ఒక డౌట్. ఉపరితలం మీద కోటిన్నర చోట్లు ఉంటే, గాలిలో కావాల్సినంత ఆక్సిజన్ ఉంటే, లైటు ఆపగానే టక్కున అంతా వచ్చి కూర్చోవచ్చు కదా? తెల్లారేదాకా ఎందుకు పట్టింది?

---

పాతకాపు | జూలై 9, ఉదయం 8:05

మంచి ప్రశ్న నాయనా. పొద్దున పూట కాలేజీ బస్సు ఎక్కావా ఎప్పుడైనా? లోపల సీట్లు ఖాళీగా ఉంటాయి, కానీ ముందెక్కినవాళ్లు ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడతారు. తర్వాతి స్టాపులో ఎక్కేవాడికి ఒక తోపు, ఆ తర్వాతివాడికి రెండు తోపులు. ఇదీ అంతే. ముందు అతుక్కున్న ప్రతి ఆక్సిజన్ రుణావేశంతో ఉంది కాబట్టి, లోపలి నుంచి ఉపరితలానికి రావాల్సిన తర్వాతి ఎలక్ట్రాన్‌ని వెనక్కి తోస్తుంది. అడ్డుగోడ ఎత్తు పెరుగుతూ పోతుంది. చోట్లు ఖాళీగానే ఉంటాయి, వాటి దాకా వచ్చే ఎలక్ట్రాన్ ఉండదు. అందుకే మొదటి నిమిషాల్లో దబదబా పడి, తర్వాత గంటలు సాగుతుంది. ఈ పరిమితిని వైజ్ అనే శాస్త్రవేత్త 1953లో లెక్క కట్టాడు. ఆవేశంతో అతుక్కునే అణువులు మొత్తం చోట్లలో నూటికి ఒకటి దాటడం కూడా కష్టమే.

జింక్ బాబూ, నీ పతనం రేఖని ఒకే ఘాతాంకంతో సరిపెట్టాలని చూడకు. కాలానికి లాగరిథమ్ తీసి గీయి, దాదాపు తిన్నని గీత కనిపిస్తుంది.

---

వాక్యూమ్_వాణి | జూలై 9, మధ్యాహ్నం 1:15

జర్మనీ నుంచి. నైట్రోజన్ చిక్కు నాకు వదిలేయండి, రోజూ చేసేది ఇదే పని.

తమ్ముడూ, నీ చాంబర్ ఎన్ని లీటర్లు? నైట్రోజన్ ఎంత వేగంతో ఎంతసేపు వదిలావు? పంపు చేశాక వదిలావా, గాలి నిండా ఉండగానే వదిలావా?

---

జింక్_పిల్లోడు | జూలై 9, మధ్యాహ్నం 2:40

అక్కా, చాంబర్ ఎన్ని లీటర్లో ఎప్పుడూ కొలవలేదు. ఇప్పుడు నీళ్లు పోసి కొలవనా? నైట్రోజన్ నిమిషానికి 100 మిల్లీలీటర్లు. మా సీనియర్ రాసి పెట్టిన పద్ధతి ప్రకారం పది నిమిషాలు పోనిచ్చి కొలత మొదలుపెడతాం. పంపు చేయలేదు.

---

వాక్యూమ్_వాణి | జూలై 9, మధ్యాహ్నం 2:52

అయ్యో, వాక్యూమ్ చాంబర్‌లో నీళ్లు పోయకు బాబూ!! స్కేలు పెట్టి వ్యాసం, ఎత్తు కొలువు.

---

జింక్_పిల్లోడు | జూలై 9, మధ్యాహ్నం 3:20

కొలిచా. దాదాపు 10 లీటర్లు.

---

వాక్యూమ్_వాణి | జూలై 9, సాయంత్రం 4:30

నిమిషానికి 100 మిల్లీలీటర్లు, పది నిమిషాలు. ఎంతయింది? ఒక్క లీటరు. పది లీటర్ల డబ్బాలోకి ఒక లీటరు నైట్రోజన్ పంపి "నైట్రోజన్ వాతావరణం" అని నోట్‌బుక్‌లో రాసుకున్నావు. లోపల గాలి బాగా కలుస్తోందనుకుంటే, 21 శాతం ఆక్సిజన్ కాస్తా 19 శాతానికి దిగింది. నువ్వు కొలిచింది గాలినే. 85 నానోఆంప్‌లు రాక ఇంకేం వస్తాయి?

అదే వేగంతో ఆక్సిజన్‌ని పది లక్షల్లో పది వంతులకి దించాలంటే, చాంబర్‌కి పది రెట్లు, అంటే వంద లీటర్లు పోవాలి. పదహారు గంటలు పైనే. అంతకన్నా తేలిక మార్గం: రోటరీతో 1 మిల్లీబార్ దాకా పంపు చెయ్యి, నైట్రోజన్ నింపు. ఒక్కసారికి ఆక్సిజన్ వెయ్యి రెట్లు తగ్గుతుంది. ఇంకోసారి చెయ్యి, మరో వెయ్యి రెట్లు. పావుగంట పని.

సిలిండర్ మీద ఏం రాసి ఉందో కూడా చూడు. 99.9 శాతం అని ఉంటే మిగతా 0.1లో ఏముందో సప్లయర్‌ని అడగాలి. 99.999 శాతందైనా, మలినమంతా ఆక్సిజనే అనుకుంటే దాని పాక్షిక పీడనం 1 పాస్కల్. నీ రోటరీ పంపు వాక్యూమ్ 1 పాస్కల్ దగ్గర ఆగిందనుకో, అందులో ఆక్సిజన్ 0.2 పాస్కల్. చూశావా, మంచి నైట్రోజన్‌లో కూడా చెత్త వాక్యూమ్ కన్నా ఎక్కువ ఆక్సిజన్ ఉండొచ్చు. అందుకే నైట్రోజన్ కొలతలు వాక్యూమ్ కొలతలతో అచ్చంగా కలవకపోతే కంగారు పడకు. సిలికోన్ రబ్బరు గొట్టం వాడుతుంటే అది కూడా మార్చు, దాని గోడల గుండా ఆక్సిజన్ చొరబడుతుంది. స్టీలు గొట్టం మంచిది.

---

జింక్_పిల్లోడు | జూలై 9, సాయంత్రం 4:41

సిలికోన్ గొట్టమే అక్కా. మూడు మీటర్లు. 🙈

---

లోపాల_శాస్త్రి | జూలై 9, రాత్రి 9:05

అందరూ ఉపరితలం మీదే పడ్డారు. నాకు పూర్తిగా నమ్మకం లేదు. రాత్రంతా నిలిచే ఫోటోవాహకతకి తీగ లోపలి లోపాలు కూడా కారణం కావచ్చు. జింక్ ఆక్సైడ్‌లో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. వెలుతురు పడ్డాక ఆ ఖాళీ రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి, చుట్టూ ఉన్న జింక్ పరమాణువులు సర్దుకుని కూర్చుంటాయి. వెనక్కి రావాలంటే అడ్డుగోడ దాటాలి. 2005లో లానీ, జుంగర్‌ల లెక్కలు ఈ మాటే చెప్పాయి. గాలితో సంబంధం లేకుండానే కరెంటు నిలబడుతుంది.

వాక్యూమ్‌లో దిగకపోవడం ఒక్కదాన్నే చూసి "ఆక్సిజన్ లేదు కాబట్టి" అని తేల్చేయడం తొందరపాటు. రెండు కథలూ అదే ఫలితం చెబుతాయి.

---

పాతకాపు | జూలై 9, రాత్రి 9:40

శాస్త్రి గారూ, తొందరపాటు నాది కాదు, డెబ్బై ఏళ్ల సాక్ష్యం ఉంది. లోపల జరిగేదే ప్రధానమైతే బయటి గ్యాస్ మార్చగానే రేఖ ఎందుకు మారుతోంది?

---

లోపాల_శాస్త్రి | జూలై 9, రాత్రి 9:58

మాస్టారూ, పొడుల మీద, పలచని పొరల మీద వచ్చిన సాక్ష్యం అది. తీగ తీగకీ పెంచిన పద్ధతి వేరు, లోపాల సంఖ్య వేరు. నేను ఉపరితలం లేదనడం లేదు. రెండిటినీ విడదీసే ప్రయోగం చేయకుండా వాటా పంచొద్దంటున్నాను. ప్రయోగం కూడా చెబుతా: వాక్యూమ్‌లో లైటు వేసి, ఆపి, కరెంటు పైన ఇరుక్కున్నాక, చీకట్లోనే పొడి గాలి వదలండి. పడిపోయినంత మేరా మీ ఆక్సిజన్‌ది. పడకుండా మిగిలింది నాది.

---

పాతకాపు | జూలై 9, రాత్రి 10:02

ఇది ఒప్పుకుంటాను. న్యాయంగా ఉంది.

---

కోఠి_సర్క్యూట్ | జూలై 10, ఉదయం 10:15

మీ తగాదా మధ్యలో నా సొంత గోల. నేను ఎలక్ట్రానిక్స్ సరదాగా చేసేవాణ్ణి. గ్యాస్ వాసన పట్టే ఎంక్యూ-2 సెన్సర్ అందరికీ తెలుసు కదా, లోపల టిన్ ఆక్సైడ్. దాని హీటరు 5 వోల్టుల మీద సుమారు 0.75 వాట్లు తాగుతుంది. బ్యాటరీ మీద నడవదు. హీటరు బదులు యూవీ లైటు వేస్తే ఉపరితలం శుభ్రమవుతుందని ఎక్కడో చదివి, జాలీ పీకేసి 365 ఎల్‌ఈడీ వేశా. పెద్దగా ఏం కాలేదు. సరే అని ఆన్‌లైన్‌లో క్రిములను చంపే క్వార్ట్జ్ ల్యాంపు కొని పెట్టా. రెసిస్టెన్స్ తగ్గాలి కదా? మొదట కాస్త తగ్గి, తర్వాత పెరిగింది! ఏమిటి కథ?

---

వాక్యూమ్_వాణి | జూలై 10, మధ్యాహ్నం 12:20

అన్నా, ల్యాంపు దగ్గర ఘాటు వాసన వచ్చిందా? జిరాక్స్ సెంటర్‌లో వచ్చేలాంటిది?

---

కోఠి_సర్క్యూట్ | జూలై 10, మధ్యాహ్నం 12:31

వచ్చింది! కొత్త ప్లాస్టిక్ కాలుతోందేమో అనుకున్నా.

---

వాక్యూమ్_వాణి | జూలై 10, మధ్యాహ్నం 1:05

అది ఓజోన్. పాదరసం ల్యాంపు 254 నానోమీటర్లతో పాటు 185 దగ్గర కూడా వెలుగుతుంది. మామూలు క్రిమినాశక ల్యాంపుల గాజు ఆ 185ని ఆపేస్తుంది, స్వచ్ఛమైన క్వార్ట్జ్ ఆపదు. ఆ వెలుగు గాలిలోని ఆక్సిజన్‌ని చీల్చి ఓజోన్ చేస్తుంది. ఎలక్ట్రాన్లు లాక్కోవడంలో ఓజోన్ ఆక్సిజన్ కన్నా ఎన్నో రెట్లు దురుసు. నువ్వు ఒక చేత్తో ఉపరితలం తుడుస్తూ ఇంకో చేత్తో మసి పూశావు.

365 ఎందుకు పని చేయలేదంటే, టిన్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ 3.6 ఎలక్ట్రాన్‌వోల్టులు. దానికి దాదాపు 345 నానోమీటర్ల కన్నా చిన్న తరంగం కావాలి. పైగా ఎంక్యూ-2లో ఉన్నది మందపాటి ముద్ద. వెలుగు పైపొరలోనే ఆగిపోతుంది. కింద అంతా చీకటే.

---

మోడరేటర్ | జూలై 10, మధ్యాహ్నం 1:10

కోఠి గారూ, ఆ ల్యాంపు వెంటనే ఆపండి. ఆ వెలుగు కంటికీ చర్మానికీ ప్రమాదం, ఓజోన్ ఊపిరితిత్తులకు. మూసిన పెట్టె, గాలి బయటికి పోయే ఏర్పాటు లేకుండా ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు.

---

కోఠి_సర్క్యూట్ | జూలై 10, మధ్యాహ్నం 1:22

ఆపేశా. అమ్మ ముందే తిట్టింది.

---

పాతకాపు | జూలై 10, సాయంత్రం 5:30

కోఠి బాబు ఆలోచనలో తప్పు లేదు, ల్యాంపులో ఉంది. 2002లో బర్క్‌లీలో పెయిడాంగ్ యాంగ్ బృందం టిన్ ఆక్సైడ్ నానోరిబ్బన్ల మీద యూవీ వేసి, హీటరు లేకుండా గది ఉష్ణోగ్రతలోనే నైట్రోజన్ డయాక్సైడ్‌ని పసిగట్టింది. అదే ఏడాది ఆ బృందమే జింక్ ఆక్సైడ్ నానోవైరు మీద 365 నానోమీటర్ల వెలుగు వేసి, నిరోధం పది వేల నుంచి పది లక్షల రెట్లు పడిపోవడం చూపించింది. పచ్చ లేజరు వేస్తే చలనం లేదు.

ఆ నైట్రోజన్ డయాక్సైడ్ సంగతి గమనించండి. ఎలక్ట్రాన్ మీద ఆక్సిజన్ అణువు ఆకర్షణ 0.45 ఎలక్ట్రాన్‌వోల్టులైతే దానిది 2.27. రోడ్డు పొగలోని గ్యాసు ఇది. వెలుతురు తరుముతుంటే ఆక్సిజన్ లేచిపోతుంది, ఇది మాత్రం పట్టు వదలదు. కాబట్టి వెలుగు కింద కరెంటు పడుతుంది. హైడ్రోజన్, ఆల్కహాల్ ఆవిరి లాంటివి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అవి అతుక్కున్న ఆక్సిజన్‌తో చర్య జరిపి, దాని దగ్గరున్న ఎలక్ట్రాన్‌ని తీగకి తిరిగిచ్చేస్తాయి. కరెంటు పెరుగుతుంది.

ఆ మాట రాస్తుంటే తట్టింది. జింక్ బాబూ, నీ మూడు గంటల దయ్యం... ఆ వేళకి ల్యాబ్‌లో ఎవరైనా ఏదైనా కడుగుతారా?

---

జింక్_పిల్లోడు | జూలై 10, సాయంత్రం 6:02

సర్!!! పక్క బెంచీలో ఒకరు రోజూ భోజనం తర్వాత సిలికాన్ ముక్కలు ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌తో కడుగుతారు. బీకరు మూత పెట్టరు. నా చాంబర్ మూత తీసి ఉంటుంది. రేపు చూస్తా.

---

ఇంటర్_సెకండియర్ | జూలై 10, రాత్రి 8:45

నైట్రోజన్ మరి ఎలక్ట్రాన్ లాక్కోదా సర్? గాలిలో అదే కదా ఎక్కువ.

---

వాక్యూమ్_వాణి | జూలై 10, రాత్రి 9:10

లాక్కోదు. రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య మూడు బంధాలు ఉంటాయి. దానికి ఇంకో ఎలక్ట్రాన్ అక్కర్లేదు. తీగకి అది ఉన్నా లేనట్టే. ఆర్గాన్ కూడా అంతే.

---

జింక్_పిల్లోడు | జూలై 13, రాత్రి 10:50

మూడు రోజులు ల్యాబ్‌లోనే పడుకున్నంత పని చేశా. వరసగా చెబుతా.

దయ్యం. పక్క బెంచీ అన్నని బతిమాలి ఉదయం పదకొండింటికే ఐసోప్రొపనాల్ బీకరు తెరిపించా. రెండు నిమిషాల్లో కరెంటు లేచింది. మూత పెట్టించా, దిగింది. మళ్లీ తెరిపించా, మళ్లీ లేచింది. ఆయనే వచ్చి స్క్రీన్ ముందు నిలబడి ఇంకో రెండుసార్లు చేయించుకున్నాడు. ఇప్పుడు బీకరు ఆవిర్లు బయటికి లాగే ఫ్యూమ్‌హుడ్‌లో ఉంది.

నైట్రోజన్. గొట్టం మార్చా. రెండుసార్లు పంపు చేసి నింపా. లైటు వేస్తే 270 నానోఆంప్‌లు! ఆపాక గంట తర్వాత కూడా 150 పైనే. వాక్యూమ్‌కి చాలా దగ్గర. వాణి అక్కకి పాదాభివందనం.

శాస్త్రి గారి ప్రయోగం. వాక్యూమ్‌లో లైటు వేసి ఆపి, నాలుగు గంటలు వదిలేశా. 210 నానోఆంప్‌ల దగ్గర ఇరుక్కుంది. గది దీపాలు ఆర్పి, చాంబర్ కిటికీకి నల్ల గుడ్డ కట్టి, చీకట్లో తడుముకుంటూ పొడి గాలి వాల్వు తిప్పా. స్క్రీన్ మీద గీత నా కళ్లముందే కూలిపోయింది. ఒక నిమిషంలో 8 నానోఆంప్‌లు. పది నిమిషాల్లో 1.2. తర్వాత నెమ్మదిగా. ఆరు గంటల తర్వాత కూడా 60 పికోఆంప్‌లు మిగిలి ఉంది, 15కి రాలేదు.

---

పాతకాపు | జూలై 14, ఉదయం 5:55

210లో 208 మాది. శాస్త్రి గారూ?

---

లోపాల_శాస్త్రి | జూలై 14, ఉదయం 7:20

ఒప్పుకుంటున్నా, ఈ తీగలో పెద్ద వాటా ఉపరితలానిదే. కానీ ఆ 60 పికోఆంప్‌ల తోక నాదనే అంటాను. మీ ఫుట్‌బోర్డు లెక్క ప్రకారం అది కూడా నెమ్మదైన అధిశోషణమే కావచ్చని మీరంటారు, తెలుసు. తీగని 80 డిగ్రీల దాకా వేడి చేస్తూ తోక ఎంత వేగంగా కరుగుతుందో వేర్వేరు పీడనాల దగ్గర కొలిస్తే తేలుతుంది. పీడనంతో మారకపోతే లోపలిదే.

---

పాతకాపు | జూలై 14, ఉదయం 7:31

అనేవాణ్ణే. ముందే అనేశారు.

---

రాగి_రాజు | జూలై 14, ఉదయం 11:00

మధ్యలో దూరుతున్నా. నాది కాపర్ ఆక్సైడ్ తీగ. ఆక్సిజన్ వదిలితే చీకట్లో కరెంటు పెరుగుతోంది. మీ కథ నాకు తిరగబడిందేమిటి?

---

వాక్యూమ్_వాణి | జూలై 14, మధ్యాహ్నం 12:40

నీది పీ-రకం. కరెంటు మోసేవి హోల్స్. ఆక్సిజన్ ఎలక్ట్రాన్ తీసుకుంటే లోపల హోల్స్ పెరుగుతాయి, కరెంటు పెరుగుతుంది. గుర్తులన్నీ తిప్పి చదువుకో. కొత్త త్రెడ్ పెట్టు, ఇక్కడ కలిపితే ఇంటర్ పిల్లాడు కంగారు పడతాడు.

---

ఇంటర్_సెకండియర్ | జూలై 14, మధ్యాహ్నం 12:52

ఆల్రెడీ పడ్డాను మేడమ్.

---

జింక్_పిల్లోడు | జూలై 14, సాయంత్రం 6:15

వాన రోజు సంగతి ఒక్కటే మిగిలింది. తేమ వల్ల అయితే చీకట్లో కరెంటు పెరిగి, లైటులో తగ్గడమేమిటి? రెండూ ఒకే వైపు వెళ్లాలి కదా?

---

పాతకాపు | జూలై 14, రాత్రి 8:30

ఒకే నీరు రెండు పనులు చేస్తుంది. చీకట్లో నీటి అణువులు ఆక్సిజన్ కూర్చున్న చోట్లను ఆక్రమిస్తాయి. లేచిపోయిన ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్‌ని తీగకి వదిలేస్తుంది, అందుకే చీకటి కరెంటు పెరుగుతుంది. ఇక లైటు వేస్తే, ఫోటోకరెంటు అంత పెద్దగా రావడానికి మూలం ఏమిటి? హోల్ వెళ్లి ఆక్సిజన్‌ని లేపడం. లేపడానికి కూర్చున్న ఆక్సిజనే తక్కువైతే, హోల్స్ లోపలే తిరిగి ఎలక్ట్రాన్లతో కలిసిపోతాయి. ఎలక్ట్రాన్ ఆయుష్షు తగ్గుతుంది, ఫోటోకరెంటు పడుతుంది.

ఆయుష్షు అంటే ఎంత ముఖ్యమో అంకెల్లో చూడు. చలనశీలత (ఎలక్ట్రాన్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత) వోల్టు-సెకనుకు 20 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, 1 వోల్టు దగ్గర ఎలక్ట్రాన్ నీ 5 మైక్రాన్లు దాటడానికి 12 నానోసెకన్లు చాలు. అది ఒక సెకను బతికితే ఎనిమిది కోట్ల సార్లు చుట్టూ తిరుగుతుంది. ఒక ఫోటాన్‌కి ఎనిమిది కోట్ల ఎలక్ట్రాన్ల కరెంటు! 2007లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం జింక్ ఆక్సైడ్ నానోవైరులో ఈ గెయిన్ (ఒక ఫోటాన్‌కి వచ్చే ఎలక్ట్రాన్ల లెక్క) పది కోట్ల దాకా వస్తుందని చూపింది. అంత గెయిన్ ఊరికే రాదు. ఎలక్ట్రాన్ ఎంతసేపు తిరిగితే, లైటు ఆపాక కరెంటు దిగడానికి అంతసేపు పడుతుంది. వేగమైన డిటెక్టర్ కావాలంటే గెయిన్ వదులుకోవాలి.

అయితే ఆ 400 పికోఆంప్‌లన్నీ తీగవేనా అన్నది నాకు అనుమానం. తేమ ఎక్కువైతే ఎలక్ట్రోడ్ల మధ్య చిప్ ఉపరితలం మీదే పలచని నీటి పొర ఏర్పడి కరెంటు కారుతుంది. తీగ లేని ఎలక్ట్రోడ్ల జత అదే చిప్ మీద ఉంటుంది కదా, వాన రోజు దాన్ని కొలువు.

---

జింక్_పిల్లోడు | జూలై 17, మధ్యాహ్నం 2:20

నిన్న కుండపోత. తీగ లేని జతలో 120 పికోఆంప్‌లు వచ్చింది సర్! ఎండ రోజు 1 కూడా రాలేదు. అంటే 400లో పావు వంతు పైగా చిప్ మీద తడే. ఈ కొలత ముందే చేసి ఉంటే ఒక వారం మిగిలేది.

గ్రూప్ మీటింగ్ నిన్ననే అయింది. గైడ్ గారు స్లైడ్లు చూసి, నైట్రోజన్ లెక్క దగ్గర ఆగి, "ఈ పది నిమిషాల పద్ధతి ఎవరు రాశారు?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, చాలా ఏళ్ల కిందట చిన్న చాంబర్ ఉన్నప్పుడు రాసిందట. అర లీటరు చాంబర్. దానికి పది నిమిషాలూ కాస్త తక్కువేగానీ, మరీ ఇంత ఘోరం కాదు. చాంబర్ మారింది, కాగితం మారలేదు.

ఇప్పుడు చాంబర్ పక్కనే తేమ మీటరు పెట్టా. నోట్‌బుక్‌లో ప్రతి కొలత ముందు ఐదు కొత్త గడులు: గ్యాస్, సిలిండర్ గ్రేడు, పీడనం, తేమ, చివరిసారి లైటు ఎప్పుడు ఆపాను. కొలతకి ముందు రాత్రంతా అదే గ్యాస్‌లో, చీకట్లో ఉంచుతున్నా.

శాస్త్రి గారి వేడి ప్రయోగానికి హీటర్ స్టేజీ కావాలి, బుక్ చేశా. ఆగస్టు 2న ఖాళీ దొరికింది.

---

లోపాల_శాస్త్రి | జూలై 17, మధ్యాహ్నం 2:34

రెండో తారీఖు రాత్రికి ఆన్‌లైన్‌లో ఉంటాను. ఆ తోకని ముందే ఎవరి ఖాతాలోనూ రాయకండి మాస్టారూ.

---

పాతకాపు | జూలై 17, సాయంత్రం 4:00

పెన్సిలుతో రాశాను.